‘భొలొ అచ్ఛి’ అని రాస్తే కుదుటపడినట్టేనా?

పనిలో మనిషి లోలోపల కాలిపోవడాన్ని బర్నౌట్ అంటున్నాం. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పనంటే విరక్తి, చేసేదాంట్లో పస లేదనిపించడం దాని గుర్తులని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దాన్ని జబ్బుల్లో కలపలేదు, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి ఫలితమంది. ఇదంతా తెలిసిందే. సెలవు పెట్టి పడుకున్నంత మాత్రాన తగ్గదనీ, తేరుకునే నెలల్లో తట్టుకునే మెలకువలు కొత్తగా నేర్చుకోవాలనీ కూడా తెలుసు. అవి ఏ భాషలో నేర్చుకుంటున్నామన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ళ విషయంలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

మా పిన్ని కూతురు బరంపురంలో నర్సు. వరసగా నైట్ డ్యూటీలు చేసి చేసి, ఒకనాటి సాయంత్రం యూనిఫాం వేసుకుని గుమ్మంలో చెప్పులు తొడుక్కోలేక అక్కడే కూలబడిపోయింది. కౌన్సెలర్ మంచావిడ. రోజూ పడుకునే ముందు మనసెలా ఉందో నోటుపుస్తకంలో రాయమంది. చదివింది ఒడియా మీడియం కాబట్టి పిల్ల ఒడియాలోనే రాసింది. ఆ పుస్తకం నేను చూశాను. పదకొండు రోజులూ ఒకటే మాట: ‘భొలొ అచ్ఛి’. బాగానే ఉన్నానని.

పన్నెండో రోజు పిన్ని వంటింట్లోంచి “ఏటే, అలగున్నావేటి?” అంది. “పేనం ఇసిగిపోనాదమ్మా. ఎవులు పిలిసినా సిరాకేసేత్తంది” అని ఏడ్చేసింది. ఆ రాత్రి పుస్తకంలో అదే మాట రాసుకుంది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఒడియా లిపిలో రాసుకుంది.

మెలకువ మొదలయ్యేది అక్కడే. బాధకు పేరు పెడితే మెదడులో భయాన్నీ ఉద్వేగాన్నీ రేపే అమిగ్డలా ఉధృతి తగ్గుతుందని 2007లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లీబర్‌మన్ బృందం స్కానింగుల్లో చూపింది. విసుగు వేరు, చిరాకు వేరు, బెంగ వేరు. పేరు దొరికితేనే మందు దొరుకుతుంది. విసుగుకు విశ్రాంతి కావాలి, బెంగకు తోడు కావాలి. ఆ తేడా మనకు అమ్మ మాటలో తెలిసినంతగా బడిలో నేర్చిన మాటలో తెలియదు. ‘నా వల్ల కాదు’ అనడం ఇంకా కష్టమైన విద్య. మా పిల్ల పిన్నిని ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టి “ఈ వారం నాలుగు నైట్లు చేశాను, ఐదోది చెయ్యలేను” అని తెలుగులో పదిసార్లు అప్పగించింది. నోరు తిరిగాక అదే మాట ఆసుపత్రిలో ఒడియాలో అడగగలిగింది.

ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఒడియా వచ్చు కదా, మెలకువలు నేర్పే బదులు నర్సుల్ని పెంచండి అంటారు కొందరు. నర్సుల్ని పెంచాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ పెంచేదాకా ఈ పిల్ల బతకాలి కదా! ఒడియా రావడం వేరు, ఒడియాలో ఏడవగలగడం వేరు.

ఈ పాఠం పర్లాకిమిడికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి ఆ ఊళ్ళోనే ఉండి, సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ముందు తాను ఆ భాష నేర్చుకున్నాడు. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. అది సరిగ్గా అమలై ఉంటే మా పిల్ల తన బాధను తన అక్షరాల్లోనే రాసుకునేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కూడా మనిషికి అర్థమయ్యే సులువైన భాషలోనే సమాచారం చెప్పమంటోంది. 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416కి ఫోను చేస్తే భాష ఎంచుకోవచ్చు. ఫోనులో కుదిరింది ఎదురుగా కూర్చున్నప్పుడు ఎందుకు కుదరదు?

బరంపురం వైద్య కళాశాల నుంచి పర్లాకిమిడి, రాయగడ జిల్లా ఆసుపత్రుల దాకా ఓపీ చీటీ మీద పేరు, వయసు పక్కనే ‘ఇంటి భాష’ అని ఒక గడి పెట్టాలి. అందులో తెలుగు అని రాసిన మనిషిని తెలుగు తెలిసిన కౌన్సెలర్ దగ్గరకే పంపాలి.