'మేము'కీ 'మనం'కీ మధ్య ఇరవై ఏడు నెలలు

దక్షిణ అమెరికాలోని పరాగ్వే పల్లెల్లో మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరి దగ్గర ఐసు ముక్కలు వేసిన నీళ్ల ఫ్లాస్కు ఉంటుంది. పశువు కొమ్ముతో చేసిన కప్పులో మాటె అనే టీలాంటి ఆకు నింపి, చల్లటి నీళ్లు పోసి, లోహపు గొట్టం పెట్టి పక్కవాళ్లకు అందిస్తారు. దీన్ని తెరెరె అంటారు. తాగినవాళ్లు ఖాళీ కప్పును పోసినవాళ్లకే తిరిగి ఇవ్వాలి. వాళ్లు మళ్లీ నింపి తర్వాతి మనిషికి ఇస్తారు. అందరికీ ఒకటే కప్పు, ఒకటే గొట్టం. అమెరికా నుంచి కొత్తగా వచ్చిన వలంటీరమ్మాయి మొదటి కప్పు తాగి మర్యాదగా 'గ్రాసియాస్' అంటుంది. ఇక కప్పు ఆమె దగ్గరికి రాదు. అక్కడ థాంక్స్ అంటే 'నాకు చాలు' అని. ఎవరూ తప్పు పట్టరు, కప్పు మాత్రం ఆమెను దాటుకుని తిరుగుతూ ఉంటుంది.

ఈ సంగతి తెలిసి వెళ్లినవాళ్లకు కూడా నోటి అలవాటు ఓ పట్టాన పోదు. మనకైతే ఇదేమంత వింత కాదు. అన్నం వడ్డించిన పిన్నికి థాంక్స్ చెప్పి చూడండి, 'ఏంట్రా కొత్తగా?' అంటుంది.

అమెరికా ప్రభుత్వం 1961లో, కెనెడీ హయాంలో, పీస్ కోర్ అనే వలంటీర్ల సంస్థ మొదలుపెట్టింది. ఇప్పటిదాకా 2,40,000 మందికి పైగా వలంటీర్లను 140కి పైగా దేశాలకు పంపింది. సుమారు 3 నెలల ట్రైనింగ్, 2 ఏళ్ల పని, మొత్తం 27 నెలలు. ట్రైనింగ్‌లో ఒక స్థానిక కుటుంబంతో ఉండాలి. ఆ తర్వాత ఊళ్లోవాళ్ల స్థాయిలో బతకడానికి సరిపడే భత్యం ఇస్తారు. పూర్తి చేసి ఇంటికి వెళ్లేటప్పుడు చేతికి 10 వేల డాలర్లకు పైగా వస్తుంది. పరాగ్వేకు మొదటి జట్టు 1967లో వెళ్లింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి వలంటీరు వల్ల ఊరికి జరిగే మేలు చెప్పుకునేంత పెద్దది కాదు. ఊరు వలంటీరుకు చేసేదే పెద్దది. మొదటి ఆర్నెల్లు చూడండి. ఆమెకు మాట రాదు. స్పానిష్ నేర్చుకుని వెళ్తే పల్లెలో అక్కడి స్థానిక భాష గ్వరానీ వినిపిస్తుంది, లేదా రెండూ కలిసిన జొపారా. ఎవరింటికైనా వెళ్తే తలుపు కొట్టకూడదు, గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టాలని పిల్లలు నేర్పాలి. కర్రపెండలం తొక్క తీయడం ఆ ఇంటి ఇల్లాలు చూపించాలి. మనకు అన్నం ఎలాగో అక్కడ పూటపూటకీ కర్రపెండలం అలాగ. ఇరవై రెండేళ్ల డిగ్రీ పిల్లను ఊరంతా కలిసి మళ్లీ చిన్నపిల్లలా పెంచుతుంది. ఆ పెంపకానికయ్యే ఖర్చు ఏ రిపోర్టులోనూ కనిపించదు.

గ్వరానీలో 'మనం'కి 'న్యాండే' అని, 'మేము'కి 'ఒరే' అని వేర్వేరు మాటలున్నాయి. (అవును, 'ఒరే'నే. మనవాళ్లెవరైనా అక్కడికి వెళ్తే తమనే పిలుస్తున్నారనుకుంటారు.) ఇంగ్లిష్‌లోగానీ స్పానిష్‌లోగానీ ఈ తేడా లేదు కాబట్టి అమెరికన్లకు ఇదొక తలనొప్పి. ఎదుటివాళ్లను కలుపుకుని మాట్లాడుతున్నామా, పక్కన పెట్టి మాట్లాడుతున్నామా అని నోరు తెరిచే ముందే తేల్చుకోవాలి. తెలుగువాళ్లకు ఈ పాఠం అక్కర్లేదు. 'మన బావి' అన్నా 'మా బావి' అన్నా ఊళ్లో ఎంత తేడా వస్తుందో, ఎవరిని ఏ బావి దగ్గరికి రానివ్వలేదో మనకు బాగా తెలుసు. వలంటీరు ఆ ఊరి 'మనం'లోకి ఎంతవరకు వచ్చింది, ఎక్కడ బయటే ఉండిపోయింది అన్నదే నాకు ముఖ్యం అనిపిస్తుంది.

పొలం దగ్గర కొంతవరకు వస్తుంది. పీస్ కోర్ వ్యవసాయ వలంటీర్లు అక్కడ ఎక్కువగా చెప్పింది పచ్చిరొట్ట గురించి. మన రైతులు జీలుగ, జనుము చల్లి కలియదున్నినట్టే అక్కడ మ్యుకునా వేయిస్తారు. మ్యుకునా అంటే మన దూలగొండి జాతే, దురద పుట్టించని సాగు రకం. కందిని కూడా నేలకు బలం కోసం వేయిస్తారు. ఇది మంచి పనే. విత్తనం చవక, మందు అక్కర్లేదు, వలంటీరు వెళ్లిపోయాక కూడా విత్తనం ఊళ్లోనే ఉంటుంది.

కానీ రోడ్డుకు అవతల ఏముంది? తూర్పు పరాగ్వేలో చాలాచోట్ల కనుచూపు మేర సోయా. సోయా ఎగుమతుల్లో ఆ దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. 2008 వ్యవసాయ గణన ప్రకారం దాదాపు 85 శాతం భూమి 3 శాతం కూడా లేని యజమానుల చేతిలో ఉంది. పక్క పొలంలో మందు కొడితే చిన్న రైతు కూరగాయల మడి మాడిపోతుంది. కొన్నాళ్లకు అతను భూమి అమ్ముకుని రాజధాని అసున్సియోన్ శివారుకో, అర్జెంటీనాకో వెళ్తాడు. వలంటీరు ఆ మడికి కంచె కట్టించగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆతిథ్య దేశ రాజకీయాల్లో వేలు పెట్టకూడదన్నది పీస్ కోర్ నియమం. భూమి గొడవ వచ్చిన రోజున రైతులు 'ఒరే' అంటారు, ఆమె పక్కన నిలబడి వింటుంది. బయటి ప్రభుత్వం పంపిన మనిషి కాబట్టి నియమం సబబే. అయితే అసలు రోగం భూమిలో ఉన్నప్పుడు, ఆ జోలికి వెళ్లలేని వైద్యానికి 'అభివృద్ధి' అని పేరు పెట్టడమే నాకు నచ్చదు.

రాజకీయాలు వద్దన్నంత మాత్రాన రాజకీయాలు వదలవు కూడా. పరాగ్వేలో 1954 నుంచి 1989 దాకా స్ట్రోస్నర్ నియంతృత్వం నడిచింది. వలంటీర్లు అడుగుపెట్టిందే ఆ కాలంలో, పని ఆగిందీ లేదు. పక్కనున్న బొలీవియాలో 1969లో ఒక సినిమా వచ్చింది. సేవ పేరుతో వచ్చిన అమెరికన్లు కెచువా అనే ఆదివాసీ తెగ ఆడవాళ్లకు తెలియకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసినట్టు అందులో చూపించారు. ఆ ఆరోపణను పీస్ కోర్ ఒప్పుకోలేదు. అయినా జనం నమ్మారు, 1971లో ప్రభుత్వం వాళ్లను పంపించేసింది. తర్వాత ఎప్పటికో తిరిగి వెళ్లారు. అంతలో 2008లో మరో గొడవ. బొలీవియాలో ఉన్న క్యూబా, వెనెజువెలా వాళ్ల వివరాలు చెప్పమని అమెరికా రాయబార కార్యాలయం అధికారి ఒకరు వలంటీర్లను అడిగినట్టు బయటపడింది. పొరపాటు జరిగిందని అమెరికా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే వలంటీర్లు మళ్లీ ఖాళీ చేశారు. పొలంగట్టు మీద రెండేళ్లు కూర్చుని సంపాదించిన నమ్మకం ఆఫీసులో ఒక్క మాటతో పోయింది.

పెరూ కథ వేరు. అక్కడి చింబోతె పట్టణంలో బూట్లు పాలిష్ చేసిన కుర్రాడు అలెహాంద్రో తొలేదోను అమెరికా చదువు దాకా చేర్చడంలో పీస్ కోర్ వలంటీర్లు సాయపడ్డారు. అతను 2001లో అధ్యక్షుడయ్యాడు. 1970ల్లో వెళ్లిపోయిన పీస్ కోర్ 2002లో అతని హయాంలోనే తిరిగి వచ్చింది. చాలా ఏళ్లు దీన్ని గొప్పగా చెప్పుకున్నారు. 2024లో లంచాల కేసులో అతనికి 20 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. ఇది వలంటీర్ల తప్పని అనను. ఒక మనిషిని చూపించి ఒక పథకం గొప్పదని చెప్పే అలవాటు మాత్రం మంచిది కాదు.

2020 మార్చిలో కోవిడ్ రాగానే 60కి పైగా దేశాల నుంచి సుమారు 7,000 మంది వలంటీర్లను కొద్ది రోజుల్లో అమెరికాకు రప్పించారు. పీస్ కోర్ చరిత్రలో అందరినీ ఒకేసారి వెనక్కి పిలవడం అదే మొదటిసారి. ఊళ్లో వీడ్కోలు చెప్పడానికి కూడా టైం దొరకనివాళ్లున్నారు. వాళ్ల బాధ నిజమైనదే, అయితే విమానం టికెట్ ఉన్నది ఎవరికో ఆ వారంలో తేలిపోయింది. లాక్‌డౌన్‌లో పనులు పోయినప్పుడు పరాగ్వే ఆడవాళ్లు వాడవాడకూ పెద్ద గిన్నెలు పొయ్యి మీద పెట్టి అందరికీ వండి పెట్టారు. వాటిని 'ఓయాస్ పోపులారెస్' అంటారు. దానికి ఏ వలంటీరూ అవసరం కాలేదు. పోతే, తెరెరె సంస్కృతిని యునెస్కో తన జాబితాలో చేర్చింది కూడా ఆ ఏడాదే. కప్పు పంచుకోవద్దని ప్రభుత్వమే చెబుతున్న రోజులవి!

మరి ఎవరూ వెళ్లకూడదా? అలా అనను. భారతీయులకు పీస్ కోర్‌లో చోటు లేదు, అది అమెరికా పౌరులకే. ఐక్యరాజ్య సమితి వలంటీర్ల కార్యక్రమం మాత్రం మనకూ తెరిచే ఉంది. పోవాలనుకునే తెలుగు పిల్లలు పోవచ్చు, కాకపోతే నేర్చుకోవడానికి పోతున్నామని ఒప్పుకుని పోవాలి. పంపేవాళ్లు కూడా లెక్క మార్చాలి. ఎన్ని పొయ్యిలు కట్టించారు, ఎన్ని మీటింగులు పెట్టారు అన్నది కాదు, ఐదేళ్ల తర్వాత వెళ్లి చూడాలి. పరాగ్వేలో నేలమీద కట్టెలతో వండే ఇళ్లలో వలంటీర్లు ఇటుకలతో ఎత్తయిన పొయ్యి, దానికి పొగగొట్టం కట్టిస్తుంటారు. నడుం వంచక్కర్లేదు, కళ్లు మండవు. మా ఊళ్లోనూ 1980ల్లో ఎవరో వచ్చి పొగలేని పొయ్యిలు కట్టి, ఫొటో తీసుకుని వెళ్లారు. మా పెద్ద అన్నం గిన్నె దాని కంతలో కూర్చోలేదు. వర్షాకాలం నాటికి గొట్టం మసితో పూడుకుపోయింది. అమ్మ మూడు రాళ్ల పొయ్యి దగ్గరికే వచ్చేసింది, కొత్త పొయ్యిలో ఉల్లిపాయలు పోసుకుంది. ఆ ఫొటో మాత్రం ఏదో ఫైల్లో ఇంకా ఉండే ఉంటుంది.