జీఐ ట్యాగ్ గారికి, ఒక ఇంటి అల్లుడు రాయునది

నమస్కారం అండీ. మీ పూర్తి పేరు భౌగోళిక సూచిక అని తెలుసు గానీ ఆ పేరుతో మిమ్మల్ని పిలిచేది గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలు మాత్రమే, కాబట్టి జీఐ గారూ అనే అంటా, ఏమనుకోకండి. 1999లో మీ కోసం చట్టం చేశారు, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చారు, చెన్నైలో కూర్చుని ఫలానా వస్తువు ఫలానా ఊరిదని దేశం మొత్తానికి స్టిక్కర్లు ఇస్తున్నారు. మీ పని మీరు చేసుకుంటున్నారు, కాదన్ను. కానీ మీరిచ్చే స్టిక్కర్‌తో మేం బయట ఏం చేస్తున్నామో మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. అందుకే ఈ లేఖ.

ముందు నా సంగతి. నేను పుట్టింది బందరు, అత్తారిది జగిత్యాల వైపు, ఉండేది హైదరాబాద్. అంటే ఇంట్లో ఏ వంట చేసినా దానికి రెండు చరిత్రలు ఉంటాయన్నమాట. మే నెలలో అత్తారింటికి వెళ్తే భోజనాలయ్యాక పళ్లెంలో మామిడి ముక్కలు పెట్టారు. తిని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "బంగినపల్లి భలే ఉందండీ, 2017లో మాకే జీఐ వచ్చింది దీనికి" అన్నా. ఆ "మాకే" ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే బనగానపల్లె నేను ఈ జన్మలో చూడలేదు, అది నంద్యాల పక్కన, మా బందరుకి సముద్రం దగ్గర గానీ అది కాదు.

మా అత్తగారు కత్తి పక్కన పెట్టి, "గదేంది బిడ్డా, బేనిషాన్‌ను పట్టుకొని బంగినపల్లి అంటవేంది" అన్నారు. పండు అదే, అక్కడ పేరు బేనిషాన్. బావమరిది అందుకున్నాడు, "చెట్టు మాది, నీళ్లు మావి, కోతులను కొట్టేది మేము, కాయ మీదెట్లయితది బావా?" అని. నా దగ్గర జవాబు లేదు గానీ ఫోన్ ఉంది కదా, గూగుల్ తీసి మీ ట్యాగ్ వార్త చూపిద్దామని కిందకి స్క్రోల్ చేస్తే ఆ వార్తలోనే పండు పుట్టిల్లు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల అని రాసి, తర్వాత పండే ప్రాంతాల్లో ఖమ్మం, మహబూబ్‌నగర్ లాంటి తెలంగాణ జిల్లాలు కూడా ఉన్నాయని రాశారు. ఫోన్ మెల్లగా జేబులో పెట్టేసుకున్నా. అప్పుడు పెరుగన్నం మీద చూపించిన శ్రద్ధ నేను ఇంకెప్పుడూ చూపించలేదు.

సరే ఓడిపోయా, అక్కడితో ఆగొచ్చుగా? రాత్రి బందరు లడ్డు తీశా. దీనికీ 2017లోనే మీరు ట్యాగ్ ఇచ్చారు, ఇది మాత్రం అచ్చంగా మాదే, నూనెలో తీసిన శనగపిండి జంతికల్ని రోట్లో దంచి దంచి చేస్తారు కాబట్టి తొక్కుడు లడ్డు అంటారు, ఆ దంచేవాళ్ల చేతులు చూస్తే ఇంకో లడ్డు అడగడానికి సిగ్గేస్తుంది. అయితే ఆ విద్య ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీ కుటుంబాలు తెచ్చిందని మా బందర్లోనే పెద్దవాళ్లు చెప్తారు, ఆ ముక్క నేను జగిత్యాలలో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, పైగా నేను తీసుకెళ్లిన డబ్బా హైదరాబాద్‌లో ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టింది, దాని మీద "బందరు లడ్డు" అని పెద్దక్షరాలు, కింద చిన్నక్షరాల్లో తయారైన ఊరు వేరే ఏదో ఉంది. అత్తగారికి కళ్లజోడు లేకపోవడం నా అదృష్టం.

ఇదంతా చూశాక మీ లిస్టు ఒకసారి తీరిగ్గా చదివా. భలే ఉందండీ మీ లిస్టు! మీ మొట్టమొదటి ట్యాగ్ డార్జిలింగ్ టీ, ఆ కొండల మీద బ్రిటిష్ వాళ్లు నాటింది చైనా మొక్క. గుంటూరు సన్నం మిర్చి ఉంది, దాని పేరు వింటేనే మా గుంటూరు బాబాయికి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, అసలు మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి రాకముందు మన తాతల తాతలు కారానికి మిరియాలు నూరుకునేవాళ్లని చెప్తే నన్ను దేశద్రోహిలా చూశాడు. గోవా వాళ్ల మందు ఫెనీ జీడిమామిడితో చేస్తారు, ఆ చెట్టు బ్రెజిల్‌ది. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో ఇచ్చారు, అది నిజాం కొలువులోకి వచ్చిన అరబ్బు సిపాయిల హరీస్ అనే వంటకం. పాపం ఇన్ని వలస వచ్చినవాటికి మీరు స్థానికత సర్టిఫికెట్ ఇచ్చారు, మా కజిన్ ఒకడు రాష్ట్రం విడిపోయినప్పటి నుంచి అదే సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాడు, కొంచెం చూడండి.

ఇక రసగుల్లా. ఒడిశా వాళ్లేమో రథయాత్ర నుంచి ఆలస్యంగా ఇంటికొచ్చిన జగన్నాథుడు అలిగిన లక్ష్మీదేవికి రసగొలా పెట్టి బతిమాలుకున్నాడంటారు, బెంగాల్ వాళ్లేమో 1868లో కలకత్తా బాగ్‌బజార్‌లో నబీన్ చంద్ర దాస్ చేశాడంటారు. 2015 నుంచి కమిటీలు, పత్రాలు, టీవీ డిబేట్లు. చివరికి మీరేం చేశారు, 2017 నవంబర్ 14న "బాంగ్లార్ రసొగొల్లా" అని వాళ్లకొకటి, 2019 జులై 29న "ఒడిశా రసగొలా" అని వీళ్లకొకటి! నాకైతే మా నానమ్మ గుర్తొచ్చింది, మేం ఇద్దరం ఒకే బొమ్మ కోసం కొట్టుకుంటే సరిగ్గా ఇదే చేసేది. ఎవరు ముందు కనిపెట్టారో మీరు చెప్పలేదు, అది మీ పని కూడా కాదు, ఫలానా ఊళ్లో ఫలానా పద్ధతిలో చేసేదానికి ఫలానా పేరు అనేంతవరకే మీ లెక్క. కానీ ఆ రోజు రెండు వైపులా స్వీట్లు పంచుకున్నవాళ్లలో ఈ ముక్క ఎంతమందికి తెలుసంటారు?

కడక్‌నాథ్ కోడి సంగతి మరీనూ. ఒళ్లంతా నలుపు, మాంసం కూడా నలుపే. మధ్యప్రదేశ్ వాళ్లు ఝాబువాది అన్నారు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు మా దంతెవాడది అన్నారు, 2018లో ఝాబువాకి ఇచ్చారు. ఆ రెండు రాష్ట్రాలూ 2000 దాకా ఒకే ఇల్లు. విడిపోయిన అన్నదమ్ములు కోడి కోసం చెన్నై దాకా వెళ్లారంటే నేను నవ్వాలి, కానీ 2014 తర్వాత మేం దేనిదేనికి కొట్టుకున్నామో తల్చుకుంటే నవ్వు రాదు. బాస్మతికైతే రాష్ట్రాలూ కేంద్రపాలిత ప్రాంతాలూ కలిపి ఏడున్నాయి, అందులో మధ్యప్రదేశ్‌ని చేర్చొద్దని 2020లో పంజాబ్ ముఖ్యమంత్రి ఏకంగా ప్రధానికే ఉత్తరం రాశారు. 2019లో అయితే మైసూర్ పాక్ జీఐ తమిళనాడుకి ఇచ్చేశారని ఎవరో సరదాకి ట్వీట్ వేస్తే రెండు రాష్ట్రాల జనం నిజమనుకుని కొట్టుకున్నారు. మీరు ఇవ్వకపోయినా గొడవే, అదీ మీ పవర్!

ఇప్పుడు అసలు కంప్లైంట్. మొన్న మా వాళ్ల పెళ్లిలో అత్తగారి తరఫు చుట్టం ఒకావిడ, "మా పోచంపల్లి ముందర మీ చీరలేం పనికొస్తయి" అని మా అమ్మతో గట్టిగా వేసుకుంది, మా అమ్మ తక్కువదా, ఉప్పాడ జమ్దానీ ఎత్తుకుంది, రెండింటికీ మీ స్టిక్కర్ ఉంది కాబట్టి ఇద్దరూ మీ పేరే చెప్పుకున్నారు. గంట నడిచింది. మధ్యలో మా ఆవిడ వెళ్లి చుట్టం గారి కొంగు తిప్పి చూసింది. వెనకాల రంగు వెలిసినట్టు తెల్లగా ఉంది. పోచంపల్లిది చిటికీ నేత, అంటే నేసేముందే నూలుకి ముడులేసి రంగులద్దుతారు, కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపించాలి, ఇదేమో మిల్లు బట్ట మీద కొట్టిన ప్రింటు. తర్వాత మా అమ్మ కొంగు కూడా తిప్పింది. వివరాలు అడక్కండి.

మరి అసలు నేసేవాడి పేరు ఆ గంటలో ఒక్కసారైనా వచ్చిందా అంటే లేదు. ట్యాగ్ వాడుకోవాలంటే నేసేవాళ్లు కూడా మీ దగ్గర విడిగా పేరు రాయించుకోవాలట కదా, మా రెండు వైపుల ఫ్యామిలీ గ్రూపుల్లో మీ గురించి వచ్చిన వందల మెసేజుల్లో ఈ సంగతి ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు, లడ్డు ఎమోజీలు మాత్రం బోలెడు పెట్టా.

కాబట్టి ఒక చిన్న రిక్వెస్ట్. ఈసారి నుంచి ట్యాగ్ ఇచ్చేటప్పుడు కింద ఒక లైను కలపండి, "ఈ వస్తువు గురించి గొప్పలు చెప్పేవారు ముందుగా కొన్న బిల్లు చూపించవలెను" అని. నేనే మొదట దొరుకుతా, అయినా ఫర్లేదు.

ఇట్లు,
బందరు బిడ్డ, జగిత్యాల అల్లుడు

తా.క. నిన్న అత్తగారు బస్సు పార్శిల్‌లో మామిడిపళ్ల పెట్టె పంపారు. జగిత్యాల మార్కెట్ పెట్టె, మీద ఎవరో వ్యాపారి "బంగినపల్లి" అని ప్రింట్ వేయించాడు. అత్తగారు దాన్ని బాల్ పెన్నుతో నాలుగు వైపులా కొట్టేసి, "బేనిషాన్" అని రాసి పంపించారు.