నిక్సన్ కథ ఎవరు చెప్పాలి?

కాలిఫోర్నియాలోని యోర్బా లిండాలో అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ పుట్టిన చిన్న చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. దగ్గర్లోనే ఆయనవీ, భార్య పాట్‌వీ సమాధులు. ఆ ప్రాంగణంలోనే ఆయన పేరిట లైబ్రరీ, అందులోనే మ్యూజియం. 1990లో దాన్ని తెరిచినప్పుడు ప్రభుత్వానికి అందులో ఏ పాత్రా లేదు. అభిమానులు చందాలేసుకుని కట్టారు, కట్టినవాళ్లే కథ కూడా చెప్పారు. ప్రతిపక్ష కార్యాలయంలో జరిగిన చొరబాటును కప్పిపుచ్చబోయి నిక్సన్ పదవి పోగొట్టుకున్న కుంభకోణం వాటర్‌గేట్. దాని గురించిన గదిలోకి వెళ్లినవాళ్లకు అదంతా నిక్సన్‌ను దించడానికి ప్రత్యర్థులు పన్నిన కుట్రలా కనిపించేది. ఆఫీసులో ఆయన మాటలు రికార్డయి, పదవికి ఎసరు పెట్టిన టేపును కత్తిరించి వినిపించేవారు. ఆ కుంభకోణాన్ని బయటపెట్టిన విలేకరి బాబ్ వుడ్‌వర్డ్‌ను పరిశోధనకు రానివ్వబోమని లైబ్రరీ డైరెక్టరు ముందే ప్రకటించి, నలుగురూ దుమ్మెత్తిపోశాక వెనక్కి తగ్గాడు.

విగ్రహాల మీద, యూనివర్సిటీ పేర్ల మీద కొట్టుకునే మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది. అక్కడ అసలు గొడవ కాగితాల దగ్గర.

ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు దిగిపోతూ తన ఫైళ్లను, ఉత్తరాలను సొంత ఆస్తిలా ఇంటికి పట్టుకెళ్లేవాడు. వారెన్ హార్డింగ్ చనిపోయాక ఆయన భార్య చాలా కాగితాలను తగలబెట్టేసింది. లింకన్ కాగితాలను ఆయన కొడుకు ఎంత గట్టిగా బిగించాడంటే, అవి జనం ముందుకు వచ్చేసరికి 1947 అయింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఈ పద్ధతి మార్చాడు. హైడ్ పార్క్‌లో తన స్థలంలో లైబ్రరీ కట్టించి, కాగితాలతో సహా ప్రభుత్వానికి అప్పజెప్పాడు. 1941లో అది తెరుచుకుంది. అయితే అది ఆయన మంచితనం మీద నడిచిన వ్యవహారం, ఇవ్వమని చట్టం లేదు.

చట్టం తెప్పించింది నిక్సనే, తనకు ఇష్టం లేకుండా. 1974 ఆగస్టులో రాజీనామా చేశాక ప్రభుత్వంతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నాడు. దాని ప్రకారం కొన్నేళ్లు పోయాక టేపులను నాశనం చేయించే వీలు ఆయనకు ఉంది. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఒళ్లు మండింది. ఆ డిసెంబరులోనే టేపులను, కాగితాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకునేలా చట్టం తెచ్చారు. నిక్సన్ కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు 7-2తో ఆయన వాదన కొట్టేసింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో 1981 నుంచి ప్రతి అధ్యక్షుడి రికార్డులూ ప్రజల ఆస్తి అయ్యాయి.

ఆ టేపులు దక్కకపోతే ఏం పోయేదో భారతీయులకు వేరే చెప్పనక్కర్లేదు. ఓవల్ ఆఫీసులో బల్లలో 5 మైకులు, ఫైర్‌ప్లేస్ దగ్గరి దీపాల్లో మరో 2 దాచిపెట్టారు. మాట వినబడితే చాలు, రికార్డింగ్ దానంతటదే మొదలయ్యేది. 1971 నవంబరులో, బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు, ఇందిరా గాంధీ ఆ గదికి వెళ్లి నిక్సన్‌తో మాట్లాడారు. మర్నాడు పొద్దున అదే గదిలో నిక్సన్ ఆమెను ముసలి మంత్రగత్తె అన్నాడు. ఆయన భద్రతా సలహాదారు కిసింజర్ భారతీయులందరినీ కలిపి బూతు మాట అన్నాడు. 2005లో ఆ సంభాషణ బయటికొచ్చాక కిసింజర్ విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. కుటుంబం చేతిలోనో అభిమానుల చేతిలోనో ఉంటే ఆ ముక్క మన చెవిన పడేదా?

యోర్బా లిండా లైబ్రరీ 2007లో ప్రభుత్వ రికార్డులను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ చేతికి వచ్చింది. డైరెక్టరుగా వచ్చిన చరిత్రకారుడు టిమోతీ నఫ్టాలి పాత వాటర్‌గేట్ ప్రదర్శనను పీకించేశాడు. నిక్సన్ దగ్గరే న్యాయ సలహాదారుగా ఉండి ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన జాన్ డీన్‌ను ప్రసంగానికి పిలిస్తే, అభిమానుల సంస్థ నిక్సన్ ఫౌండేషన్ అలిగింది. కొత్త ప్రదర్శన నమూనా చూసి 150 పేజీలకు పైగా అభ్యంతరాలు రాసి పంపింది. చివరికి 2011 మార్చిలో అది తెరుచుకుంది. ఆ ఏడాది చివర్లో నఫ్టాలి వెళ్లిపోతే, ఆ కుర్చీలో మరొకరు కూర్చోవడానికి మూడేళ్లు పట్టింది.

ఫౌండేషన్ వాదనలో అసలు పసలేదనను. మా ఒక్కడికే ఈ పోస్టుమార్టం ఎందుకని వాళ్ల బాధ. లిటిల్ రాక్‌లోని క్లింటన్ లైబ్రరీ కూడా నేషనల్ ఆర్కైవ్స్‌దే. అక్కడ అభిశంసన ఉదంతాన్ని ‘అధికారం కోసం పోరు’ అనే శీర్షిక కింద, ప్రత్యర్థుల కక్షసాధింపులా చూపించారు. ప్రదర్శనలకు డబ్బిచ్చేది ఫౌండేషన్లే కాబట్టి, గట్టిగా నిలబడే డైరెక్టరు లేకపోతే ప్రభుత్వ లైబ్రరీ అయినా భజన మందిరమే అవుతుంది. అందుకు విరుగుడు క్లింటన్ దగ్గరా ఒక నఫ్టాలిని పెట్టడమే గానీ, నిక్సన్‌ను వదిలేయడం కాదు.

జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. భవనం ప్రభుత్వానికి ఇచ్చేటప్పుడు నిర్వహణ కోసం ఫౌండేషన్ కట్టాల్సిన నిధి మొదట్లో భవనానికైన ఖర్చులో 20 శాతం ఉండేది, ఒబామా వంతు వచ్చేసరికి 60 శాతానికి పెంచారు. పొదుపు కోసమే పెంచి ఉండొచ్చు. ఒబామా ఫౌండేషన్ మాత్రం అసలు భవనమే ఇవ్వనంది. షికాగో జాక్సన్ పార్క్‌లోని మ్యూజియం పూర్తిగా ఫౌండేషన్‌దే. కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్ దగ్గరే ఉంటాయి, స్కాన్ చేసినవి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ మ్యూజియానికి వచ్చే జనంలో ఎంతమంది ఇంటికెళ్లి ఫైళ్లు తిరగేస్తారు?

ఒబామాకు దాచుకోవాల్సిన వాటర్‌గేట్ లేదు కదా అనొచ్చు. డ్రోన్ దాడులున్నాయి, లక్షల మంది వలసదారులను వెనక్కి పంపిన రికార్డు ఉంది. వాటికి గోడ మీద ఎంత చోటివ్వాలో తేల్చేది ఆయన ఫౌండేషన్ జీతగాళ్లే. తర్వాతి అధ్యక్షులూ ఇదే దారి పడితే, నఫ్టాలి లాంటి మనిషి దొరికినా కూర్చోబెట్టడానికి నేషనల్ ఆర్కైవ్స్‌కు అక్కడ కుర్చీయే ఉండదు.