తడి టవల్ ఆరేసే హీరోలను అరికట్టాలి

గత ఆదివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చి, ఇరవై ఏడేళ్లుగా పాటిస్తున్న సంప్రదాయం ప్రకారం తడి టవల్‌ని మంచం మీద పడేశాను. ఈ సంప్రదాయంలో రెండో సగం మా ఆవిడది. వచ్చి, చూసి, "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!" అని ఒక కేక వేసి, దాన్ని తీసుకెళ్లి బాల్కనీలో ఆరేస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఏర్పాటు చక్కగా నడుస్తోంది.

ఆ రోజు కేక వినపడలేదు. టవల్ వంక చూసింది. నా వంక చూసింది. ఫోన్ తీసి రెండో ఫ్లోర్ వదినగారికి చేసింది.

"మీరు చదవమన్న నవల అయిపోయింది వదినా. అతను తన టవల్ తనే తీసుకెళ్లి ఆరేసుకుంటాడు చూడండీ, అక్కడ కాసేపు ఆగిపోయాను. ఆ పేజీ మళ్లీ చదివాను."

పేపర్ చాటున కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. ముద్దుపెట్టుకున్న పేజీ మళ్లీ చదివిందంటే అర్థం చేసుకోగలను. టవల్ పేజీ! ఆడవాళ్లు ఒకరికొకరు నవలలు చెప్పుకోవడం అనే వ్యవహారం ఎంత దూరం వచ్చిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. దీని మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ దృష్టి పెట్టకపోవడం విచారకరం. అందుకే ఈ వ్యాసం.

పూర్వం ఇలాంటి ప్రమాదం లేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 60ల్లో జ్యోతి మాసపత్రికలో వస్తున్నప్పుడు రాష్ట్రంలో ఆడపిల్లలంతా రాజశేఖరం కోసం కలలు కన్నారని పెద్దవాళ్లు చెబుతారు. కననివ్వండి. అతను ఆరడుగుల అందగాడు, ఆస్తిపరుడు, కారున్నవాడు. కోడూరి కౌసల్యాదేవి గారి నవల ఆధారంగా 1971లో వచ్చిన 'ప్రేమ్ నగర్'లో హీరో జమీందారు, ప్రియురాలి కోసం ఏకంగా ఒక మేడ కట్టిస్తాడు. మా నాన్న తెనాలి ఇరిగేషన్ ఆఫీసులో యూడీసీ, అంటే గుమాస్తా. ఆ సినిమా చూసొచ్చిన మా అమ్మ, మేడ ఎందుకు కట్టించలేదని ఆయన్ని అడగలేదు. వంటింట్లో ఒక అర కొట్టించమంది. దానికి మూడేళ్లు పట్టింది, అది వేరే సంగతి. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, జమీందారుతో పోల్చి యూడీసీని ఎవరూ తిట్టరు. ఇద్దరికీ మధ్య అంత దూరం ఉన్నంతకాలం మా నాన్న నిశ్చింతగా కాఫీ తాగాడు, గ్లాసు కుర్చీ కిందే వదిలేశాడు.

ఇప్పటి హీరోకి ఎస్టేటు లేదు. ఆరడుగులు కూడా ఉండటం లేదు, ఒకతనికి బట్టతల మొదలైందని రాశారు. అతను చేసేదల్లా ఏమిటంటే, తాగిన గ్లాసు కడుగుతాడు. అత్తగారింటికి వెళ్లినప్పుడు ఫోన్ పక్కన పెడతాడు. భార్య మాట్లాడుతుంటే టీవీ సౌండ్ తగ్గిస్తాడు. గమనించారా కుట్ర? వీటిలో ఒక్కదానికీ డబ్బు ఖర్చు కాదు. నాకంత స్తోమత లేదు అని తప్పించుకునే దారి మూసేశారు.

అసలు ఈ సిఫార్సుల చరిత్ర నాకు బాగా తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు అందులో నేను కూలీని. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకి పావలా. మా అమ్మ నా చేతికి సంచీ ఇచ్చి, "ఏడుపుండాలి, కానీ చివర్లో కలవాలి, అది ఇమ్మను" అని పంపేది. షాపాయన ఒక్క ప్రశ్న వేయకుండా చెయ్యి పైకెత్తి కరెక్టుగా ఆ పుస్తకమే తీసేవాడు. ఇవాళ ఏ యాప్‌కీ ఆ జ్ఞానం లేదు. వీక్లీల్లో వచ్చే సీరియల్ పేజీలు కత్తిరించి, దారంతో కుట్టించి, అట్ట వేయించుకున్న పుస్తకాలు కూడా చేతులు మారేవి. ఏదో ఒక వారం పేజీలు తప్పకుండా పోయుండేవి. ఆ వారం ఏం జరిగిందో పక్కింటి పిన్నిగారు నోటితో చెప్పేది, అసలు రచయిత్రి కంటే బాగా.

ఆ అద్దె పుస్తకాల్లో నాకు గుర్తున్నది కథలు కాదు, అంచుల్లో పెన్నుతో రాసిన రాతలు. ఇరవయ్యో పేజీలో "వీణ్ణి నమ్మకండి, 112లో తెలుస్తుంది" అని ఉండేది. ఒక పుస్తకం చివరి అట్ట మీద నాలుగు రకాల చేతిరాతలు. మొదట "చాలా బాగుంది" అని. దాని కింద "ఏం బాగుంది? ఆ పిల్ల ఉద్యోగం ఎందుకు మానేసింది?" అని. దాని కింద ఇంకెవరో "పెళ్లయింది కదా" అని జవాబు. అన్నిటికంటే కింద, ఆకుపచ్చ సిరాతో, "అయితే?"

ఆ "అయితే?" రాసినావిడ ఎవరో నాకు తెలియదు. ఇవాళ మగవాళ్లు పడుతున్న కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయని మాత్రం నా గట్టి నమ్మకం.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ సిరా ఇంకా ఆరలేదు. సాయంత్రం టెర్రస్ మీద ఐదారుగురు చేరతారు. నీళ్ల ట్యాంకు మరమ్మతు నెపంతో నేను నాలుగు రోజులు అక్కడ నిఘా వేశాను. నవల ఎలా ఉంది అంటే కథ, శైలి, పాత్రచిత్రణ గురించి మాట్లాడతారని సాహిత్యం చదువుకున్న మనం అనుకుంటాం. ఒక్కరూ మాట్లాడలేదు. అడిగిన ప్రశ్నలు వేరు. అతను సారీ చెప్పాడా, లేక పూలు పట్టుకొచ్చి సరిపెట్టాడా? అత్తగారు చివర్లో ఉన్నట్టుండి మారిపోయిందా? మారిపోతే నాకొద్దు, అలాంటివి జరగవు. ఆ అమ్మాయి ఉద్యోగం ఉందా, పోయిందా? బెంగళూరు నుంచి ఫోన్‌లో కలిసే మా అమ్మాయి అయితే జెండాలతో తేలుస్తుంది. ఈ హీరో రెడ్ ఫ్లాగ్, ఆ హీరో గ్రీన్ ఫ్లాగ్. రైల్వే గార్డు కూడా ఇన్ని జెండాలు ఊపడు.

వాళ్లలో మామ్మగారు ఒకరున్నారు, డెబ్బై రెండేళ్లు. ఆవిడన్నా పాతకాలపు విలువలు కాపాడుతారనుకున్నాను. "మా రోజుల్లో హీరో చెంప పగలగొట్టినా పౌరుషం అనుకున్నామే. మొన్న అదే పుస్తకం మళ్లీ తీశాను. వీడికోసమా నేను పరీక్ష తప్పింది అనిపించింది" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. ట్యాంకు వెనక నేను నవ్వలేదు.

ఈ మధ్య ప్రతిలిపి లాంటి యాప్‌లలో సీరియల్ రోజుకో భాగం చొప్పున వస్తుంది. పాఠకురాళ్లు అక్కడికక్కడే రచయిత్రికి ఆదేశాలిస్తారు. "అతన్ని ఇంత తొందరగా క్షమించకండి మేడం, ఇంకో పది భాగాలు తిప్పండి." మేడం తిప్పుతుంది. ఒక మగవాడు చేసిన తప్పుకి శిక్ష ఎన్ని భాగాలో పబ్లిక్‌గా ఓటేసి తేల్చే పద్ధతి ఇది. మన కోర్టుల్లో కూడా లేదు.

దీన్ని గురించి రిటైరైన తెలుగు లెక్చరర్ మిత్రుడొకరితో వాపోయాను. ఆయన ధైర్యం చెప్పాడు. "అది సాహిత్యం కాదు, కాలక్షేపం. వాస్తవికత లేదు" అన్నాడు. చాలా తేలికపడ్డాను. నిజమే, వాస్తవికత ముఖ్యం. 80ల్లో మేమిద్దరం చేతబడి నవలలు బస్టాండులో నిలబడి చదివేవాళ్లం. మంత్రగాడు శ్మశానంలో కూర్చుని బొమ్మకి సూది గుచ్చితే హైదరాబాద్‌లో మనిషి రక్తం కక్కుకునేవాడు. అందులో వాస్తవికత ఎంత అని మేం అడిగినట్టు గుర్తు లేదు. నిన్న మేమిద్దరం చూసిన సినిమాలో హీరో తొడగొడితే సుమోలు గాల్లోకి లేచాయి. దానికీ విజిల్ వేశాం. కానీ మగవాడు గ్లాసు కడగడమా? ఎంత కల్పన అయినా ఒక హద్దుండాలి.

మగజాతి ఈ పరిస్థితిని ఎదుర్కోలేదా అంటే, ఒకప్పుడు ఎదుర్కొంది. 60, 70ల్లో రచయిత్రుల పేరుంటేనే నవల అమ్ముడవుతున్న రోజుల్లో మన రచయితలు కొందరు ధైర్యంగా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. యుద్ధంలో ఇంతకంటే గొప్ప వ్యూహం ఉండదు. అయినా నెగ్గలేదు. పేరు మార్చుకోవడం సులువే, టవల్ సంగతి తెలియాలి కదా.

కనుక నా ప్రతిపాదనలు. సిగరెట్ పెట్టె మీద ఉన్నట్టే ప్రతి నవల అట్ట మీదా హెచ్చరిక ఉండాలి: "ఇందులోని భర్త కల్పితం. ఇంట్లో ఉన్న వ్యక్తితో పోల్చరాదు." అంతకంటే ముఖ్యమైనది ప్రాతినిధ్యం. మూడింట ఒక వంతు హీరోలు మా వర్గం నుంచి రావాలి. ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎదురుగా ఉన్న పెరుగు గిన్నెని చూస్తూ, "పెరుగెక్కడుందీ?" అని అరిచే హీరో ఏడీ? పెళ్లిరోజు మర్చిపోయి, సాయంత్రం గుర్తొచ్చి, కర్రీ పాయింట్ నుంచి గుత్తివంకాయ పట్టుకొచ్చే హీరో ఏడీ? మేమూ ఈ దేశ పౌరులమే. మా ప్రేమ కూడా ప్రేమే, కాకపోతే పేజీలో పట్టదు. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడితే, వదినలు జట్టుగా వెళ్లకుండా, వెళ్లినా ఒక స్టాల్‌లో రెండు నిమిషాలకు మించి గుసగుసలాడకుండా వాలంటీర్లను పెట్టాలి.

వీటిని చర్చించడానికి మొన్న శనివారం సెల్లార్‌లో భర్తల సమావేశం పెట్టాను. ఐదుగురు వచ్చారు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన ఉప్మా చేస్తాడన్న ఆరోపణ ఉంది కాబట్టి ఆయన్ని పిలవలేదు. మొదటి అంశం మీద గంభీరంగా మొదలుపెట్టాం. పది నిమిషాలకి ఒకరు టీ ఉంటే బాగుండేదన్నారు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పంచదార డబ్బా ఏ అరలో ఉంటుందో ఐదుగురిలో ఒక్కరికీ తెలియదు. నేను టెర్రస్ మీదికి ఫోన్ చేశాను. "ముప్పై ఐదో భాగంలో ఉన్నామండీ, అరగంట ఆగండి" అంది మా ఆవిడ. అరగంట తర్వాత ఉప్మా ఆయన ఫ్లాస్కుతో మెట్ల దగ్గర కనిపించాడు. టీ బాగుంది. తీర్మానం మాత్రం వాయిదా పడింది, శత్రువు టీ తాగాక ఎలా తీర్మానిస్తాం?

ఇంతా అయ్యాక, నిన్న ఒక ప్రయోగం చేద్దామనిపించింది. ఇది లొంగిపోవడం కాదని పాఠకులు గ్రహించాలి, కేవలం అధ్యయనం కోసం. స్నానం అయ్యాక తడి టవల్‌ని మంచం మీద వేయకుండా, నా సొంత చేతులతో బాల్కనీలోకి తీసుకెళ్లాను. తీగ మీద ఖాళీ లేదు. కింద కుర్చీ ఒకటి కనిపిస్తే దాని వీపు మీద పరిచి, రెండుసార్లు సాపు చేసి, లోపలికి వచ్చి పేపర్ తీశాను. ఎవరైనా మళ్లీ చదవాల్సిన పేజీలా ఉంది నా మనసు.

మా ఆవిడ బాల్కనీలోకి వెళ్లింది. ఆ కుర్చీలో పళ్లెం నిండా ఆవిడ పొద్దున్నే పెట్టిన గుమ్మడి వడియాలు ఉన్నాయి. టవల్ నుంచి నీళ్లు వాటి మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

కేక వేయలేదు. వడియాల వంక చూసింది. నా వంక చూసింది. ఫోన్ తీసింది.

"వదినా, దానికి రెండో భాగం ఉందన్నారు కదా, పంపిస్తారా?"