ఆషాఢంలో మన మండపం ఖాళీయే కదా

కారు వెనక తగిలించుకునే ఇల్లులాంటి ట్రైలర్‌లో ఒంటరిగా పది రోజులు తిరిగితే పదకొండో రోజు ఊళ్లోకి రాక తప్పదు. గండికోటలో పొద్దుపొడుపు ఎంత బాగున్నా మాసిన బట్టల సంచి ఊరుకోదు. నాకు లేపాక్షిలో ఉండగానే గ్యాస్ అయిపోయింది. హార్స్‌లీ కొండ దిగేసరికి ట్రైలర్ బ్రేక్ లైట్లు వెలగడం మానేశాయి. మదనపల్లె, చింతామణి మీదుగా బెంగళూరు శివార్లలోని హోసకోట చేరుకున్నాను. ఆ రోజు పడ్డ తిప్పలే మన సంఘం కల్యాణమండపం గురించి ఈ నాలుగు మాటలూ రాయిస్తున్నాయి.

బెంగళూరు నా ఊరే. ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడే ఉన్నాను. కాకపోతే రిటైరయ్యాక మారతహళ్లి ఫ్లాటు మూడు నెలలకి అద్దెకిచ్చి బయల్దేరినవాణ్ణి, ఆ రోజు నాకిక్కడ గుమ్మం లేదు. గుమ్మం లేకపోతే ఈ ఊరు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ముందు బండి ఎక్కడ పెట్టాలి? కారు వెనక ట్రైలర్ తగిలించుకుని టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లోకి దిగే ధైర్యం నాకు లేదు. రివర్స్ చేయాలంటే స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రైలర్ రెండోవైపు పోతుంది, వెనక నిలబడి 'రానీ రానీ' అనే మనిషీ లేడు. చివరికి హైవే పక్కన లారీలు ఆగే ఖాళీ జాగాలో పెట్టుకున్నాను. తాడిపత్రి నుంచి నాపరాళ్లు తెచ్చిన డ్రైవరు ఒకతను వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది సార్ ఇది, హీరోల బండా?"

"కాదు నాయనా, ఇల్లు."

"ఒక్కరే తిరుగుతాండారా?"

బ్రేక్ లైట్ల సంగతి చెప్పాను. జేసీ రోడ్డుకి పోయి కొత్త ప్లగ్గు కొనాలన్నది నా ప్లాను. అతను కారుకీ ట్రైలర్‌కీ మధ్యనున్న ప్లగ్గు ఊడదీసి ఎండకి పట్టి చూశాడు. ఏడు పిన్నుల్లో రెండింటి మీద పచ్చగా చిలుం. లారీలోంచి గరుకు కాగితం తెచ్చి, చిన్న ముక్క చింపి, అగ్గిపుల్లకి చుట్టి ఒక్కో పిన్నూ రుద్దాడు. ఎర్త్ తీగ ఊడితే పళ్లతో తొడుగు లాగి మళ్లీ బిగించాడు. "తొక్కండి" అన్నాడు. లైట్లు వెలిగాయి. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

గ్యాస్ సులువుగానే దొరికింది. ఛోటూ అని అయిదు కిలోల సిలిండరు అమ్ముతారు కదా, దానికి గుర్తింపు కార్డు చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. అడ్రసు లేనివాడికి అంతకన్నా ఏం కావాలి! బట్టలు కిలో లెక్కన ఉతికే షాపులో పడేశాను, సాయంత్రానికి ఇస్తామన్నారు.

చిక్కంతా నీళ్లతోనే. నా ట్యాంకు ఎనభై లీటర్లది. వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని పంపులతో ఎక్కించుకుని తాగే ఊరిది. 2024 మార్చిలో మంచినీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఇక్కడ పైపు చేత్తో పట్టుకుని ఎనభై లీటర్లు అడిగితే ఎవరైనా ఎగాదిగా చూస్తారు, వాళ్లనేం అనలేం. నాలుగు చోట్ల అడిగి, ఆఖరికి ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు కొని గరాటుతో పోసుకున్నాను. ఇక టాయిలెట్ ట్యాంకు. సూట్‌కేసు అంత ఉంటుంది, చక్రాలు కూడా ఉంటాయి. ఒక బస్టాండు పక్క మరుగుదొడ్డికి లాక్కుపోతే అక్కడి కుర్రాడు "లోపల ఏముంది సార్?" అన్నాడు. చెప్పాక ఒక అడుగు వెనక్కి వేసి, రేటు పెంచాడు.

అందుకే మన సంఘానికి ఒక మాట చెప్పదలచుకున్నాను. మన కల్యాణమండపం ఆషాఢమంతా ఖాళీ, మూఢమొస్తే ఖాళీ. వాచ్‌మన్ జీతం మాత్రం ఆగదు. ఆవరణలో బోరు ఉంది, పాత్రలు తోముకునే గచ్చు ఉంది, బట్టలారేయడానికి మేడ ఉంది. ముహూర్తాల్లేని రోజుల్లో ఇలాంటి బండి ఒకటి వస్తే పగటిపూట నిలుపుకోనిచ్చి, రోజుకి మూడొందలు తీసుకుంటే ఏం పోతుంది?

ఇదే మాట కార్యదర్శిగారితో అంటే నవ్వేశారు. "ఇవాళ ట్రైలర్ అంటారు, రేపు లారీ అంటారు, ఇదేమన్నా సత్రమా మాస్టారూ?" అన్నారు.

సత్రమే! ఈ ఊళ్లో పెళ్లి మండపాన్ని చౌల్ట్రీ అంటారు. ఆ మాట మన చావడి నుంచి ఇంగ్లీషుకి పోయి, టోపీ పెట్టుకుని తిరిగొచ్చింది. బాటసారి బండి విప్పుకుని, ఎద్దులకి నీళ్లు పెట్టి, మూడు రాళ్లు పేర్చి వండుకుని, తెల్లారి పోయే చోటది. రైల్వే స్టేషను దగ్గర గుబ్బి తోటదప్పగారి సత్రం వందేళ్లు దాటినా యాత్రికులకి ఇంకా గదులిస్తోంది. మనం మాత్రం బాటసారిని తీసేసి పెళ్లివారిని ఉంచుకున్నాం.

ఒక్క విషయంలో ఆయన భయం నిజమే. టాయిలెట్ ట్యాంకులో కొందరు వాసన రాకుండా మందు వేస్తారు. అది సెప్టిక్ ట్యాంకులో పడితే అక్కడ మురుగుని కరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోవచ్చు. కాబట్టి మన మండపం మురుగు వీధి డ్రైనేజీలోకి పోతోందా, సెప్టిక్ ట్యాంకులోకా అన్నది ముందు చూడాలి. ప్లంబరుని పిలిస్తే అరగంట పని. సెప్టిక్ ట్యాంకే అయితే ఆ ఒక్కటీ వద్దనండి, నీళ్లూ నీడా ఇవ్వండి.

వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో దీన్ని చర్చకి పెడతామన్నారు. తప్పకుండా వస్తాను. ఆ పూట ట్రైలర్ ఎక్కడ పెట్టి రావాలో అదొక్కటి కార్యదర్శిగారే చెప్పాలి.