తేడాగా కనిపిస్తే చాలు, పొడిచెయ్యడమేనా?

కోళ్ల గుంపులో ఒకదానికి ఈకలూడి కాస్త రక్తం కనబడితే చాలు, మిగతావన్నీ వచ్చి అదే చోట పొడుస్తాయి, విడిగా పెట్టకపోతే చంపేస్తాయి కూడా. సరే, అవి కోళ్లు. మరి మనకేమైంది?

నిన్న బస్సులో నా పక్కనే ఒకామె కూర్చుంది, చేతుల మీద, పెదాల చుట్టూ బొల్లి మచ్చలు. ముందు సీటావిడ తన పిల్లాణ్ణి ఇటు లాగేసుకుని, ఆమె పట్టుకున్న రాడ్‌ని కర్చీఫ్‌తో తుడిచింది, ఆమె చూస్తుండగానే! పాపం ఆమె ఏమీ అనలేదు, రెండు చేతులూ బ్యాగ్ కింద దాచేసుకుంది.

బొల్లి అంటుకోదండీ బాబూ! చర్మానికి రంగిచ్చే మెలనిన్ తయారుచేసే కణాలు పోతాయి, అంతే. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఎన్నిసార్లు చెప్పాలి? నల్లపిల్లి ఎదురొస్తే రాయి తీస్తారు, దాని బొచ్చులో ఉన్నదీ ఆ మెలనినే కదా, అక్కడ ఎక్కువుందని కొడతారు, ఇక్కడ లేదని దూరం జరుగుతారు, ఇదేం న్యాయం? ఎడమచేత్తో రాస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టడం, నత్తి ఉన్నవాడు ఒక్క మాట పూర్తిచేసేలోపే వెక్కిరించడం... పదిమందిలో దాదాపు ఒకరిది ఎడమచేతివాటమే, వాళ్లేం పాపం చేశారు?

దిగేదాకా ఆ చేతులు బయటికి తియ్యలేదామె.