ఎన్‌డీ ఫిల్టర్ల మెసేజ్ ఇంకోసారి ఫార్వర్డ్ చేసే ముందు

నీళ్లను పాలనురగలా తీసే పిచ్చి ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఇప్పుడు ఒకటే మెసేజ్. “లాంగ్ ఎక్స్‌పోజర్‌కి వేలు తగలెయ్యకండి, ఈ ఆరు చిట్కాలు చాలు!” కింద నాలుగు మంటలు, రెండు దండాలు. లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే షట్టర్‌ని సెకన్ల తరబడి తెరిచి ఉంచి తీయడం. పట్టపగలు అలా తీయాలంటే లెన్సు ముందు వెలుగును తగ్గించే ముదురు అద్దం, అదే ఎన్‌డీ ఫిల్టర్, బిగించాలి. నాకు పంపినవాళ్లలో నాకన్నా మంచి ఫొటోలు తీసేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు మండింది అందుకే.

మొదటి చిట్కా, ఫిల్టరే వద్దు, లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్/22 పెట్టండి అట. ఎఫ్/8 నుంచి ఎఫ్/22కి వెళ్తే దక్కేది మూడంటే మూడు స్టాపులు. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది, అంతే. పట్టపగలు కుంటాల జలపాతం దగ్గర ఎఫ్/8లో షట్టర్ వేగం 1/250 సెకను చూపిస్తే ఎఫ్/22లో 1/30 వస్తుంది. ఆ వేగానికి నీళ్లు కాస్త చారలు కడతాయి, అంతే. పైగా డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, రాళ్ల మీది నాచు కూడా మసకబారుతుంది. అదే ఎఫ్/8లో ఉంచి పది స్టాపులు తగ్గించే ఎన్‌డీ1000 బిగిస్తే నాలుగు సెకన్లు.

రెండోది, తిప్పితే ముదురుదనం మారే వేరియబుల్ ఎన్‌డీ ఒక్కటి కొంటే అన్నీ కొన్నట్టే. అందులో ఉండేవి ఎదురెదురుగా పెట్టిన రెండు పోలరైజర్లు, అంటే ఒక దిశలో ఊగే వెలుగునే వదిలే అద్దాలు. వైడ్ లెన్సు మీద చివరిదాకా తిప్పండి, ఆకాశంలో పెద్ద నల్ల ఇంటూ మార్కు ప్రత్యక్షం. వీడియో వాళ్లకి మంచి వస్తువే. మనకి కాదు.

మూడోది, మూడు చవక ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి. మూలలు నల్లబడతాయి, అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇక చాలు.

నాలుగోది, వెల్డింగ్ అద్దాన్ని రబ్బరు బ్యాండ్లతో లెన్సుకి కట్టడం. సరదాకైతే కట్టుకోండి. సముద్రం ఆకుపచ్చగా వస్తుంది, వైట్ బ్యాలెన్స్ ఎంత జరిపినా పూర్తిగా వదలదు. చివరికి బ్లాక్ అండ్ వైట్ చేసి “ఆర్ట్” అనాలి.

ఐదోది చదివాక నవ్వు ఆగిపోయింది. “ఎన్‌డీ1000 ఉంటే సూర్యుణ్ణి వ్యూఫైండర్లో నిశ్చింతగా చూసి ఫోకస్ చేసుకోవచ్చు, గ్రహణం కూడా చూడొచ్చు.” వ్యూఫైండరంటే కెమెరాకి కన్ను ఆనించి చూసే కిటికీ. ఇది రాసినవాడికి కళ్లు ఇంకా పనిచేస్తున్నాయంటే అదృష్టం. ఎన్‌డీ1000 వదిలేది వెలుగులో వెయ్యో వంతు. సూర్యుణ్ణి చూడ్డానికి చేసిన ఫిల్టర్లు వదిలేది సుమారు లక్షో వంతు. వందరెట్ల తేడా. వెల్డింగ్ అద్దాల నంబర్ల లెక్కలో (నంబరు పెరిగితే ముదురు) చెప్తే ఎన్‌డీ1000 దాదాపు 8వ నంబరు, సూర్యుడికి కనీసం 12 ఉండాలి, 14 ఇంకా నయం. అదీ ఉత్త కళ్లతో చూసేటప్పుడే, కెమెరాలోంచి కాదు.

అసలు మోసం కంటికి కనపడని వెలుగులో ఉంది. చాలా ఎన్‌డీలు కనిపించే వెలుగును ఆపినంతగా ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే వేడి మోసే కనపడని కిరణాల్ని, ఆపవు. బొమ్మ చల్లగా, ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి కన్ను మూసుకోదు, పాప కూడా పెద్దదవుతుంది, వేడి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. రెటీనాకి నొప్పి తెలియదు. “మండితే కన్ను తీసేస్తాంలే” అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎఫ్/16 పెట్టాం కదా అంటారా? లెన్సులోంచి వచ్చే వెలుగునే అద్దంతో కంటికి చూపే డీఎస్‌ఎల్‌ఆర్‌ కెమెరాలో షట్టర్ నొక్కేదాకా లెన్సు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది బాబూ, మీరు పెట్టిన ఎఫ్/16 మీ కంటికి అందదు. దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్సైతే భూతద్దంతో కాగితం కాల్చినట్టే. లక్షో వంతే వదిలే ఎన్‌డీ100000 అని అమ్మేది కూడా కెమెరాకే, కంటికి కాదు. కెమెరా వెనక స్క్రీన్ మీద చూసుకోండి. ఇంకేం ఫార్వర్డ్ చేసినా భరిస్తాను, ఈ ఒక్క వాక్యం మాత్రం చెరిపేసి పంపండి, పుణ్యముంటుంది.

చవగ్గా కావాలంటే ఆ మెసేజ్‌లో లేని దారి ఒకటుంది. మీ లెన్సుల్లో పెద్దదాని సైజుకే, 77 మి.మీ. గానీ 82 గానీ, ఒక ఆరు స్టాపులదీ ఒక పది స్టాపులదీ తీసుకుని, చిన్న లెన్సులకి పెద్ద ఫిల్టర్ బిగేలా చేసే స్టెప్-అప్ రింగులు వేసుకోండి. ప్రతి లెన్సుకీ విడిగా కొనక్కర్లేదు. ఖరీదైనది కదా, ఫొటో రంగు మారదులే అనుకోకండి. లీ కంపెనీ వాళ్ల ఎన్‌డీ, బిగ్ స్టాపర్, ఖరీదైనదే, ఫొటో నీలంగా వస్తుందని అందరికీ తెలుసు. అది రా ఫైల్లో, అంటే కెమెరా మార్పులేవీ చేయకుండా దాచిన ఫైల్లో, సర్దుకుపోతుంది. సర్దుకోనిది ఇన్‌ఫ్రారెడ్ లీకు. షాపు బయట ఎండలో ఒక నల్ల గొడుగుని ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి చూడండి. గొడుగు వంకాయ రంగుకో చాక్లెట్ రంగుకో తిరిగితే ఆ ఫిల్టర్ వెనక్కిచ్చేయండి.

ఇక ఆరోది. ట్రైపాడ్ మీద వరసగా పదహారు ఫొటోలు తీసి కంప్యూటర్లో ఒకటిగా కలిపి యావరేజ్ చేస్తే ఫిల్టర్ లేకుండానే నీళ్లు మెత్తగా వస్తాయట. దీన్ని కూడా చీల్చి చెండాడదామని కూర్చున్నాను. కానీ ఇది నిజం. వెలుగు తగ్గాక తీసిన అర సెకనువి పదహారు కలిపితే దాదాపు ఎనిమిది సెకన్ల మెత్తదనం, పైగా నాయిస్ (ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకు) తగ్గుతుంది, రంగు మారదు. జలపాతానికి, అలలకి నేనైతే కొత్తవాళ్లకి ముందు ఇదే చెప్తాను. మబ్బులకైతే ఫొటోకీ ఫొటోకీ మధ్య ఎడం ఎక్కువైతే మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఫ్లైఓవర్ మీద కార్ల లైట్లకి అసలు కుదరదు, గీత తెగి తెగి వస్తుంది. అయినా రాత్రిపూట కార్ల లైట్లకి ఎన్‌డీ ఎందుకండీ!